మా షాపులో పోయిన సరుకు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నాది చిన్న షాపు. నేను, మా ఆవిడ, సాయానికి ఒక కుర్రాడు, అంతే. మూడు నెలలుగా సరుకు తగ్గుతోంది. రేజర్ బ్లేడ్లు, డిటర్జెంట్, పసిపిల్లల పాలపొడి, ఫేస్ క్రీములు. అన్నీ ఇట్టే అమ్ముడుపోయేవే. సొంత వాడకానికి ఎత్తుకెళ్లేవాళ్లు ఒకటో రెండో తీస్తారు. ఇక్కడ కొక్కేనికి ఉన్న ప్యాకెట్లన్నీ ఒకేసారి మాయం.

మొన్న రాత్రి ఒక అమ్మకాల యాప్‌లో అవే బ్లేడ్లు కనిపించాయి, సగం ధరకి, ‘సీల్ తీయలేదు’ అని రాసి. ఫోటో పెద్దది చేసి చూస్తే ప్యాకెట్ మూలన నీలం పెన్నుతో నేను వేసే తేదీ! నా ఏడంకెకి నడుమ అడ్డగీత ఉంటుంది, మా ఆవిడ ఎప్పుడూ వెక్కిరిస్తుంది. అదే గీత. పక్క ప్యాకెట్ మీద ట్యాగ్ పీకిన జిగురు మరక.

స్క్రీన్‌షాట్లు తీశాను. కొనుగోలు బిల్లులున్నాయి. కెమెరాలో పాత రికార్డింగ్ దానంతటదే చెరిగిపోతుంది కాబట్టి ఉన్నంతవరకు కాపీ చేసుకున్నాను.

ముందు పోలీసుల దగ్గరికి వెళ్లాలా, యాప్ వాళ్లకి రిపోర్ట్ చేయాలా? రిపోర్ట్ చేస్తే పోస్ట్ తీసేసి జారుకుంటాడేమో. బ్యాచ్ నంబర్ ఒక్కటీ చాలదు, అదే నంబర్ బోలెడన్ని ప్యాకెట్ల మీద ఉంటుంది. మరి చేతిరాత సాక్ష్యంగా నిలుస్తుందా? ‘ఎవరో ఇస్తే కొన్నాను’ అంటే ఏం చేయాలి?

పాలపొడిది వేరే టెన్షన్. ఏ ఎండలో పెట్టారో, డేట్ ఏమైనా మార్చారో, కొన్న తల్లికెలా తెలుస్తుంది?

కుర్రాడికి ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పాలా వద్దా, అదీ అర్థం కావట్లేదు.