డిల్లా విన్నాక ఎటు పోవాల? సీమలో జాజ్ హిప్ హాప్ వినేవాళ్ళు ఒకసారి రాండి

టవర్‌క్లాక్_కింద (అనంతపురం)

అందరికీ నమస్తే. మూడు నెల్ల కిందట హాస్టల్లో నా రూమ్మేటు, హిప్ హాప్ బీట్లు చేసే జె డిల్లా అనే ఆయన "డోనట్స్" ఆల్బమ్ వినిపించినాడు. 31 ముక్కలు. శానా వాటికి రెండు నిమిషాలు కూడా నిండవు. మొదటిసారి ఫోన్లో ఫైలు పాడైందేమో అనుకున్నా, మధ్యమధ్యలో ఎగురుతాంది కదా అని. నాలుగోసారికి అర్థమైంది, ఆ ఎగరడం ఆయన కావాలని పెట్టిందే అని. డిల్లాది డెట్రాయిట్. 2006 ఫిబ్రవరి 7న, సరిగ్గా 32వ పుట్టినరోజు నాడు, ఆ ఆల్బమ్ బయటికొచ్చింది. మూడు రోజులకు ఆయన చనిపోయినాడు. అది తెలిసిన రాత్రి మళ్ళీ మొదట్నుంచీ విన్నా. నిద్ర పట్టలేదు.

ఇంగ ఇక్కడ్నుంచి ఎటు పోవాలో తెలీడం లేదు. యాప్ ఏమో ఒకే రకం పాటలు తిప్పి తిప్పి ఇస్తాంది. జాజ్ అంటే నాకు ఏమీ తెలీదు. సాక్సోఫోన్ అంటే కద్రి గోపాల్‌నాథ్ గారు ఒక్కరే తెలుసు, అదీ మా నాయన వినబట్టి. మీకు ఈ సంగీతం ఎట్ల దొరికింది? మొదట ఏం విన్నారు?

వన్‌టౌన్_కేసెట్ (కర్నూలు)

తమ్ముడూ, యాప్ పక్కన పెట్టు. నీకు నచ్చిన బీటు ఒకటి పట్టుకొని, దాంట్లో ఏ పాత పాట ముక్క దాగుందో వెతుక్కుంటూ వెనక్కి పో. పదేండ్లుగా నేను చేస్తాండేది అదే. హూసాంపిల్డ్ అని ఒక సైటు ఉంది. కొత్త పాట, దాంట్లోకి కోసుకున్న పాత పాట, రెండూ పక్కపక్కన వినిపిస్తాది.

ఒకటి చెప్తా విను. జపాన్‌లో నుజబేస్ అని ఒకాయన ఉండేవాడు. అసలు పేరు జున్ సెబా. ఇంటిపేరు ముందు పెట్టి ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, చివర్నుంచి మొదటికి చదివితే నుజబేస్ అవుతాది. టోక్యోలో షిబుయా అనే చోట రికార్డుల అంగడి నడిపేవాడు. ఆయన "అరువేరియన్ డాన్స్" పెట్టుకో. దాంట్లో వినిపించే గిటారు లారిండో అల్మెయిడా అనే బ్రెజిల్ విద్వాంసునిది, "ది ల్యాంప్ ఈజ్ లో" అనే పాట. ఆ పాటేమో 1939లో అమెరికాలో పుట్టింది. దాని వరుస ఇంకా పాతది, మోరిస్ రవెల్ అనే ఫ్రెంచి స్వరకర్త 1899లో పియానోకి రాసిన "పవాన్" లోనిది. మా మిద్దె మీద కూచోని ఒక్క రాత్రిలో టోక్యో నుంచి బ్రెజిల్‌కి, ఆడ్నుంచి అమెరికాకి, ఆడ్నుంచి పారిస్‌కి పోయొచ్చినా. ఒకే వరుసకి ఒక్కొక్కరు ఒక్కో చొక్కా తొడిగినారు. నూరేండ్లు దాటినా అది అలిసిపోలేదు.

జాజ్ తెలీదని ఆగిపోవద్దు. ఈ పాటలే నేర్పిస్తాయి. ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ అనే హిప్ హాప్ బృందం వాళ్ళు 1991లో "ది లో ఎండ్ థియరీ" ఆల్బమ్ చేసినారు. దాంట్లో "వర్సెస్ ఫ్రమ్ ది ఆబ్‌స్ట్రాక్ట్" అనే పాటకి బేస్ వాయించింది రాన్ కార్టర్. అరవైల్లో జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ బృందంలో ఉన్నాయన. అది పాత రికార్డులోంచి కోసింది కాదు, మనిషే వచ్చి వాయించినాడు. ఆ బేస్ పట్టుకొనే నేను మైల్స్ డేవిస్ దగ్గరికి చేరుకున్నా.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

నాకు నుజబేస్ అనిమే (జపాన్ బొమ్మల సీరియల్) నుంచి దొరికాడు. "సమురాయ్ చాంప్లూ", 2004ది. కత్తులు పట్టుకున్న పాతకాలం సమురాయ్‌ల కథకి వెనక హిప్ హాప్ బీట్లు. రెండూ ఎక్కడా అతకవని అనుకుంటాం, మొదటి భాగంలోనే అతికిపోతాయి.

ఇంకో సంగతి. డిల్లా, నుజబేస్ ఇద్దరూ పుట్టింది ఒకే రోజు, 1974 ఫిబ్రవరి 7. ఒకరు డెట్రాయిట్‌లో, ఒకరు టోక్యోలో. నుజబేస్ కూడా 2010 ఫిబ్రవరిలో రోడ్డు ప్రమాదంలో పోయాడు, 36 ఏళ్ళకే. ప్రతి ఏడూ ఆ రోజు ఇద్దరివీ ఒకరి తర్వాత ఒకరివి వింటాను.

యూట్యూబ్‌లో రోజంతా నడిచే లో-ఫై (మెత్తగా, కాస్త గరుకుగా ఉండే బీట్లు) స్ట్రీములు కూడా మంచి దారే. నేను డిగ్రీ పరీక్షలన్నీ వాటితోనే చదివాను.

వన్‌టౌన్_కేసెట్ (కర్నూలు)

స్ట్రీముల మీద నాకు ఒక్కటే బాధ తల్లీ. చేసినోడి పేరు ఎవరికీ గుర్తుండదు. ఫ్యాను తిరిగినట్లు వెనకాల తిరుగుతా ఉంటాది. పేరు తెలీని పాట నుంచి ఇంకో పాటకి పోయేదానికి దారి యాడుంది?

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

తెర మీద ఒక మూలన పేరు పడుతుంది అన్నా. చూడాలంతే. నచ్చింది రాగానే నేను నోటుబుక్కులో రాసుకుంటాను, తర్వాత బ్యాండ్‌క్యాంప్ అనే పాటల సైటులో వెతుకుతాను. ఆ పుస్తకంలో ఇప్పటికి 140 పేర్లున్నాయి. పోలండ్ వాళ్ళు, జర్మనీ వాళ్ళు, బ్రెజిల్ వాళ్ళు.

వన్‌టౌన్_కేసెట్ (కర్నూలు)

అయితే ఆ పుస్తకం ఫోటోలు పెట్టమ్మా. నా మాట వెనక్కి తీసుకుంటాండా.

కువైట్_రిటర్న్ (కడప)

నాకు 56 ఏండ్లు. మీ అందరికన్నా పెద్దోణ్ణి అనుకుంటా. 1993లో డ్రైవరు వీసా మీద కువైట్ పోయినా. మా కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) కొడుకు అమెరికాలో చదువుతాండె, సెలవులకు వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా కారులో ఒకటే కేసెట్, గురు అనే అమెరికా ర్యాపర్ చేసిన "జాజ్‌మటాజ్" మొదటి భాగం. ఆ ఏడే వచ్చింది అది. నాకు అప్పుడు ఇంగ్లీషు రాదు, అరబ్బీ కూడా సగం సగమే. రాత్రిపూట ఎయిర్‌పోర్టు రోడ్డు మీద ఆ ట్రంపెట్ మొదలైందంటే, దేవుని కడపలో తెల్లారుజామున వినే నాదస్వరం గుర్తుకొచ్చేది. రెండూ ఒకటి కాదు. కానీ రెండిట్లోనూ ఊపిరి వినపడతాది. మనిషి గొంతులోంచి గాలి వస్తాండాదని తెలుస్తాది. ఇంటికి దూరంగా ఉన్నోనికి అది శానా పెద్ద మాట నాయనా.

ఆ ట్రంపెట్ వాయించింది డొనాల్డ్ బర్డ్ అని ఏండ్ల తర్వాత తెలిసింది. వైబ్రాఫోన్ రాయ్ ఏయర్స్, సాక్సోఫోన్ బ్రాన్‌ఫర్డ్ మార్సాలిస్. అంత పెద్దోళ్ళను పక్కన పెట్టుకొని గురు నిదానంగా, ఒకే గొంతుతో, కేకలు లేకుండా మాట చెప్తాడు.

2001లో నేను ఇంటికి వచ్చేటప్పుడు ఆ పిల్లోడు కేసెట్ నా చేతిలో పెట్టినాడు. ఒకసారి టేపు చిక్కుకొని తెగింది. అతికిచ్చినా. ఆ చోట అర సెకను పాట ఎగిరిపోతాది. ఇప్పుడు మనవడు ఫోన్లో అదే పాట శుభ్రంగా వినిపిస్తాడు, ఆ చోటికి వచ్చేసరికి నాకు వెలితిగా ఉంటాది. పై పోస్టులో పాట ఎగురుతాందని రాసిన పిల్లోనికి ఇది చెప్పాలనిపించింది.

టవర్‌క్లాక్_కింద (అనంతపురం)

పెద్దాయనా, మీ పోస్టు మా రూములో గట్టిగా చదివి వినిపించినా. తర్వాత అందరం కలిసి ఆ ట్రంపెట్ ఉండే "లౌంజిన్" పాట విన్నాం.

చెక్కభజన_404 (ప్రొద్దుటూరు)

నేను బీట్లు చేస్తా, పాత ల్యాప్‌టాప్ మీద. వినేవాళ్ళకు కూడా పనికొస్తాదని లోపలి సంగతి రెండు ముక్కలు చెప్తా.

1987లో ఈ-మ్యూ ఎస్పీ-1200 అని, పాట ముక్కలు ఎక్కించుకొని బీటు కట్టే యంత్రం ఒకటి వచ్చింది. దాంట్లో మొత్తం కలిపి పది సెకన్ల శబ్దమే పడతాది. అందుకని 33 స్పీడు రికార్డును 45లో తిప్పి బిరీన లోపలికి ఎక్కించుకొని, ఆమీద యంత్రంలో నిదానం చేసేవాళ్ళు. అట్ల చేస్తే శబ్దం గరుకు తేల్తాది. తొంభైల హిప్ హాప్‌లో మనం ఇష్టపడే ఆ ఇసుక, ఆ దుమ్ము అక్కడ్నుంచి వచ్చిందే. ఇప్పుడు కొత్తగా చేసేవాళ్ళు ఆ గరుకును బొత్తాం నొక్కి తెప్పిస్తారు. అప్పుడది చోటు చాలక పుట్టింది.

డిల్లా వాడింది అకాయ్ ఎంపీసీ 3000. వాషింగ్టన్‌లో ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియంలో పెట్టినారు దాన్ని. ఆ యంత్రాల్లో స్వింగ్ అని ఒక అంకె ఉంటాది. 50లో పెడితే రెండు చిన్న దెబ్బలు సమానంగా పడతాయి, మన చతురశ్రం మాదిరి. 66 దగ్గరికి తెస్తే మొదటి దెబ్బకు రెండు వంతులు, రెండోదానికి ఒక వంతు. అంటే తిశ్రం. మృదంగం నేర్చుకునే పిల్లోనికి కూడా ఈ లెక్క వస్తాది. డిల్లా ఏం చేసినాడంటే, ఈ రెండిటినీ ఒకే బీటులో పెట్టినాడు. ఒక వాయిద్యం తిన్నగా నడుస్తాది, ఇంకోటి ఊగుతాది. యంత్రం సరిదిద్దే బొత్తాం ఆపి, కొన్ని దెబ్బలు వేలితోనే వేసినాడు. అందుకే వినేటప్పుడు కాలు జారి మళ్ళీ నిలబడినట్టు ఉంటాది. వేలితో పట్టుకుంటే తెలిసేది కాదు, నడుముతో తెలుస్తాది.

ఇది విన్నాక మా ఊర్లో చెక్కభజన మళ్ళీ కొత్తగా వినపడింది. ఇరవై మంది చెక్కలు కొడితే ఇరవై దెబ్బలూ ఒకేసారి పడవు. రవ్వంత చెదురుతాయి. ఆ చెదరడంలోనే నిండుదనం. పోయిన సంక్రాంతికి రికార్డు చేసుకొచ్చినా, ఇప్పుడు హై-హ్యాట్ (డ్రమ్ములో తాళాల శబ్దం) బదులు అదే వాడతాండా. అనంతపురం వైపు ఉరుములు అనే వాద్యం వాయించే వాళ్ళ శబ్దం ఎవరైనా పట్టిస్తే కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) బదులు వాడుకోవాలని ఆశ. ఆ గుర్రుమనే శబ్దం ఏ యంత్రంలోనూ లేదు.

తుంగభద్ర_గట్టు (కర్నూలు)

పుస్తకంలోంచి కొన్ని. ఫోటో సరిగా రాలేదు, టైపు చేస్తున్నా.

స్కాల్పెల్, పోలండ్‌లో వ్రోత్స్వాఫ్ ఊరివాళ్ళు. వాళ్ళ దేశపు అరవైల, డెబ్బైల జాజ్ రికార్డులనే కోసి అల్లుకున్నారు. 2004లో నింజా ట్యూన్ అనే రికార్డు కంపెనీ వేసింది. నాకు దీంట్లో నచ్చింది అదే, బయటికి పోకుండా సొంత ఇంటి అటకే వెతికారు. ఫ్రాన్స్ నుంచి జాజ్ లిబరేటర్జ్, "క్లాన్ డై" 2008. టొరంటో నుంచి బ్యాడ్‌బ్యాడ్‌నాట్‌గుడ్, వీళ్ళు కోయరు, వాయిస్తారు. లండన్ నుంచి యూసఫ్ కమాల్ "బ్లాక్ ఫోకస్", 2016.

ఇథియోపియా జాజ్ విద్వాంసుడు ములాటు అస్తాత్కేది హిప్ హాప్ కాదు, కానీ అమెరికా ర్యాపర్ నాస్, జమైకా గాయకుడు డామియన్ మార్లీ 2010లో ఆయన పాట మీదే "యాజ్ వీ ఎంటర్" కట్టారు. ఇథియోపియాలో టిజిటా అని ఒక స్వరవరుస ఉంది. దాంట్లో ఒక రకానివి అచ్చం మన మోహన స్వరాలే. సంగీతం నేర్చుకున్న మా అత్త పాడి చూపించింది.

వన్‌టౌన్_కేసెట్ (కర్నూలు)

మన దగ్గరికే వచ్చినోడిని మర్చిపోతే ఎట్ల? బీట్లు చేసే మ్యాడ్‌లిబ్, ఊరు కాలిఫోర్నియాలో ఆక్స్‌నార్డ్. 2003లో బ్లూ నోట్ కంపెనీ తన పాత జాజ్ రికార్డుల గది తలుపులు తీసిచ్చింది ఆయనకు, "షేడ్స్ ఆఫ్ బ్లూ" అట్ల వచ్చిందే. 2007లో "బీట్ కండక్టా ఇన్ ఇండియా". పాత హిందీ సినిమాల వయొలిన్లు, తబలాలు, మాటలు. మా నాయన రేడియోలో పెట్టే పాటలను కొత్త చెవితో వినడం నాకు ఆయన నేర్పిచ్చినాడు. ఆ తర్వాతే ఇంట్లో అటక మీది రికార్డులు కిందికి దించి తుడిచినా.

పెనుకొండ_కోట (పెనుకొండ)

నేను ఎక్కువ రాయను గానీ ఇది చెప్పకపోతే తప్పవుతాది.

లాస్ ఏంజెలెస్‌లో 2006 నుంచి 2018 దాకా బుధవారం రాత్రుల్లో "లో ఎండ్ థియరీ" అని ఒక క్లబ్ నడిచింది. బీట్లు చేసేవాళ్ళంతా ఆడ చేరేవాళ్ళు. ఫ్లయింగ్ లోటస్ ఆ గుంపులోవాడు. ఆయన 2010 ఆల్బమ్ "కాస్మోగ్రామా" వినండి. దాంట్లో సాక్సోఫోన్ రవి కోల్ట్రేన్. పేరుమోసిన జాజ్ సాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ కొడుకు. ఆ రవి పేరు మన రవిశంకర్ పేరే. రవి వాళ్ళమ్మ ఆలిస్ కోల్ట్రేన్ ఫ్లయింగ్ లోటస్‌కి సొంత అవ్వకి అక్క అవుతాది, పెద్దవ్వ వరస అనుకోండి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఆలిస్ కోల్ట్రేన్ సత్యసాయి బాబా భక్తురాలు. హార్ప్, పియానో వాయించే జాజ్ విద్వాంసురాలు కచేరీలు వదిలి, కాలిఫోర్నియా కొండల్లో ఆశ్రమం పెట్టింది. దాని పేరు సాయి అనంతం. ఆడ ఆర్గన్, సింథసైజర్ పెట్టుకొని సంస్కృత భజనలు పాడించేది. వాటిని కేసెట్లుగా ఆశ్రమం వాళ్ళకే పంచినారు. 2007లో ఆమె పోయింది, 2018 కార్చిచ్చులో ఆశ్రమం కాలిపోయింది. ఆ కేసెట్ల పాటలు కొన్ని 2017లో లుఆకా బాప్ అనే కంపెనీ బయటికి తెచ్చింది.

మా ఇంటి నుంచి పుట్టపర్తి గంట ప్రయాణం. నేను ఎక్కడో లాస్ ఏంజెలెస్ అనుకొని వింటాండిన సంగీతం పక్క ఊరి దాకా వచ్చి నిలబడింది.

టవర్‌క్లాక్_కింద (అనంతపురం)

అన్నా, చేతులు వణుకుతాండాయి. మా అవ్వ ధర్మవరంలో ప్రతి గురువారం సాయి భజనకు పోతాది. ఈ ఆదివారం ఊరికి పోతాండా.

కువైట్_రిటర్న్ (కడప)

మంచి స్పీకరు తీసుకపో అబ్బయ్యా. ముసలి చెవులకు ఫోను చాలదు.

టవర్‌క్లాక్_కింద (అనంతపురం)

పోయొచ్చినా. మగ్గాలు ఆపిన తర్వాత, మధ్యాన్నం అన్నాలు తిన్నాక పెట్టినా. "ఓం రామ". ఏమీ చెప్పకుండా పెట్టినా.

మొదట అవ్వ ఊరికే వినింది. తర్వాత "భజనే కదప్పా ఇది, ఎవురు పాడేది?" అనింది. చెప్పినా, అమెరికాలో ఒకామె, నీ మాదిరే స్వామి భక్తురాలు, మొగుడు పోయినాక పిల్లలను సాకి, ఆమీద ఈ భజనలు కట్టిందని. అవ్వకు మా తాత పోయి పదకొండేండ్లు. ఇంకేమీ అడగలా. మళ్ళీ పెట్టమనింది. మూడోసారికి చప్పట్లు మొదలుపెట్టింది, కండ్లు మూసుకొని. పాట తాళం కన్నా అవ్వ చప్పట్లు రవ్వంత వెనక పడతాండాయి, ప్రతిసారీ అంతే వెనక. 404 అన్నా, పాట ఆపినాక కూడా ఆమె కొడతానే ఉండె, అది రికార్డు చేసి నీకు పంపినా.

చెక్కభజన_404 (ప్రొద్దుటూరు)

వచ్చింది తమ్ముడూ. ల్యాప్‌టాప్‌లో తాళం గీతల మీద పెట్టి చూసినా. 50 కాదు, 66 కాదు, మధ్యలో యాడో ఉండాది. సరిదిద్దే బొత్తాం ముట్టుకోలేదు. రాత్రికి చెక్కలతో కలిపి పంపిస్తా, మొదట అవ్వకు వినిపించు.