పర్లాకిమిడిలో నా తెలుగు తరగతి: తప్పు నాదా, ఊరిదా?

కొత్తమాస్టారు:
విజయవాడలో ఉద్యోగం మానేసి 8 నెలల కిందట ఒడిశాలోని పర్లాకిమిడి వచ్చాను. మా అమ్మమ్మ పుట్టిన ఊరు. ఇక్కడి తెలుగు పిల్లలకు రాయడం, చదవడం నేర్పాలని అద్దె ఇంటి వసారాలో సాయంత్రం తరగతి మొదలుపెట్టాను. డబ్బు తీసుకోను. మొదటి వారం 14 మంది వచ్చారు, ఇప్పుడు ముగ్గురు. పోయిన నెల ఒక పాప చేతిలో కిరాణా చీటీ చూశాను. ‘చింతపండు పావుకిలో, మినపప్పు కిలో’ అని వాళ్లమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. అక్షరాలు మాత్రం ఒడియావి, నెత్తిన గొడుగు పట్టుకున్నట్టుంటాయే, అవి. ఎర్ర పెన్నుతో కొట్టేసి తెలుగులో రాయించాను. మర్నాటి నుంచి పాప రాలేదు, వాళ్ల నాన్న ఎదురుపడినా పలకరించడం లేదు. భాష చచ్చిపోతుంటే చూస్తూ ఊరుకోవాలా?

కొమ్ముదువ్వెన:
ఆ చీటీతో కొట్టుకు వెళ్తే చింతపండు ఇచ్చారా లేదా? 1936 ఏప్రిల్ 1 నుంచి మేం ఒడిశాలో ఉన్నాం. బడి ఒడియాలో, రేపు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగం కావాలన్నా ఒడియా రావాలి. అయినా మూడు తరాలుగా మా ఇంట్లో పోట్లాటలన్నీ తెలుగులోనే. చచ్చిపోయిందని మీకు ఎవరు చెప్పారు? అన్నట్టు, చవితి పందిరిలో మైకు అడిగి తీసుకుని ‘మీ బోర్డుల మీద తెలుగేది?’ అని అరగంట ఉపన్యాసం ఇచ్చింది మీరే కదూ? ఆ పందిరికి చందా ఇచ్చినవాళ్లలో సగం మంది ఒడియా ఇళ్లవాళ్లు, ముందు వరుసలోనే కూర్చున్నారు.

పాతపట్నం రోడ్డు:
మైకు సంగతి నాకు తెలియదు కానీ పని మంచిదే. మా నాన్న రాసిన ఉత్తరాలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. మొన్న మా అబ్బాయి ఒకటి తీసి తలకిందులుగా పట్టుకున్నాడు. ఆటలకు కాదు, ఏ వైపు పైకి ఉండాలో వాడికి నిజంగానే తెలియలేదు. ఇక్కడి నుంచి ఆటో ఎక్కి సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నంలో దిగితే, బస్సు బోర్డు చదవమని నా చేయి లాగుతాడు. ఇంట్లో పోట్లాడుకుంటే చాలదండీ.

మహేంద్రతనయ:
బాబూ, ఈ ఊరికి బయటి నుంచి వచ్చిన మాస్టారు మీకంటే ముందు ఒకరున్నారు. గిడుగు రామమూర్తి గారు 1880లో ఇక్కడి బడిలో చేరారు. సవర గిరిజనులకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తానే వాళ్ల సవర భాష నేర్చుకున్నారు. సవర మాటలను తెలుగు అక్షరాల్లో రాసి పుస్తకాలు తయారుచేశారు. ఆయన చేసినదే ఆ పాప కిరాణా చీటీలో చేసింది. ఇంతకీ, 8 నెలల్లో మీకు ఒడియా అక్షరాలు ఎన్ని వచ్చాయి? సాయంత్రం 6 గంటలకు పిల్లలందరూ ట్యూషన్లో ఉంటారని కూడా ఎవరూ చెప్పలేదా?

పాతపట్నం రోడ్డు:
పోలిక కుదరదమ్మా. అప్పటికి సవరకు లిపి లేదు, తెలుగుకు ఉంది. పైగా పర్లాకిమిడి ఒడిశాలో కలిశాక గిడుగు వారే ఊరు వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆ సంగతీ చెప్పాలి.

కొత్తమాస్టారు:
ఒడియా ఒక్క అక్షరం రాదు. పందిరిలో మైకు పట్టుకున్నదీ నేనే. నిన్న ఆ ఇంటికి వెళ్లాను. పాప వాళ్ల నాన్న కుర్చీ వేశారు గానీ మాట్లాడలేదు. పాపే పలక తెచ్చి ఏదో రాసి చదవమంది. చదవలేకపోయాను. నా పేరేనట. తెలుగు లిపి నేర్పడం మాత్రం మానను, ఆ విషయంలో పాతపట్నం రోడ్డు గారి మాటే నాదీ. తరగతిని ఆదివారానికి మారుస్తున్నాను.

కొమ్ముదువ్వెన:
ఆదివారం పొద్దున పెట్టకండి, అందరూ క్రికెట్‌కు పోతారు. 4 గంటలకైతే మా మనవడిని పంపుతాను. ఒక నెల చూస్తాను. ఎర్ర పెన్ను కనిపిస్తే రెండో రోజే మానిపిస్తాను.