లాంబర్ట్ గ్రాబెన్: మంచు తవ్విందా, నేల కుంగిందా?

పెన్నతీరం (నెల్లూరు): ఒంగోలురాయి గారూ, లాంబర్ట్ గ్రాబెన్ (రెండు పగుళ్ల మధ్య కుంగిన పొడవాటి పల్లం) భూమి పైపొర సాగి, పగిలి ఏర్పడిందంటారు మీరు. అంటార్కిటికాలో లాంబర్ట్ హిమానీనదం కింద నేల సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు పైగా లోతున ఉంది. తవ్వింది మంచే. ఆ మట్టి ప్రిడ్జ్ బే (ఆ మంచు సముద్రాన్ని చేరే అఖాతం) ముందు కుప్పపడి ఉంది. 1988లో, 2000లో అక్కడ ఓడ మీంచి డ్రిల్ చేసి కోర్లు (కడ్డీల్లాంటి రాతి నమూనాలు) తీశారు. ఇంకా పగుళ్లు, సాగుళ్లు అంటారేంది?

ఒంగోలురాయి: ఆ హిమానీనదం పక్కనే బీవర్ సరస్సు దగ్గర అమేరీ గ్రూపు అనే రాతి పొరల్లో పెర్మియన్ కాలపు బొగ్గుంది సామీ, వయసు 25 కోట్ల ఏళ్ల పైమాటే. ఖండం మీద పెద్ద మంచు పేరుకోవడం మొదలైంది 3.4 కోట్ల ఏళ్ల కిందట. బొగ్గు పడేనాటికే పల్లం ఉంది గదా.

కావలి కుర్రోడు: మంచు బరువుకు నేల కుంగదా అన్నా?

ఒంగోలురాయి: కుంగుతుంది తమ్ముడూ. నీటితో పోలిస్తే మంచు సాంద్రత 0.92, మాంటిల్‌ది (భూమి పైపొర కింది రాతి పొర) 3.3. 3 కిలోమీటర్ల మంచు సుమారు 840 మీటర్లు దించుతుంది. కరిగితే మళ్లీ లేస్తుంది. స్వీడన్, ఫిన్లాండ్ మధ్య బోత్నియా సింధుశాఖ తీరం, పాత మంచు కరిగిపోయినా, ఇప్పటికీ ఏడాదికి దాదాపు 9 మిల్లీమీటర్లు లేస్తోంది. క్రస్ట్ (భూమి పైపొర) సాగి పలచబడిన చోట అలా కాదు. పైకొచ్చిన వేడి మాంటిల్ కోట్ల ఏళ్లు చల్లారుతూ, బరువెక్కి దిగుతూనే ఉంటుంది. పూడిక బరువు దాన్ని ఇంకా దించుతుంది: కిలోమీటరు లోతు నీళ్లున్న పల్లం నిండేసరికి రెండు కిలోమీటర్లకు మించి పూడిక పడుతుంది.

పెన్నతీరం: 840 మీటర్లు తక్కువా? సరే, అది తిరిగి లేస్తుందే అనుకుందాం. కోసుకుపోయింది తిరిగొస్తుందా? పోయినవారం కూడా ఈ ప్రశ్న దాటేశారు.

మార్కాపురం పలక: ఒంగోలుకు ఉత్తరాన వేమవరం షేల్ (బురద గట్టిపడిన పలకరాయి) చూడండి. ఇండియా, అంటార్కిటికా విడిపోయే కాలంలో సాగి కుంగిన పల్లంలో పడింది. మంచు పలక అవసరం రాలేదు.

ఒంగోలురాయి: దాటేయలేదు. కోత బేసిన్‌ను (పల్లంలో పేరుకున్న పొరల దొంతర) కట్టదు, తినేస్తుంది. నార్వేకు ఉత్తరాన బారెంట్స్ సముద్రంలో మంచు కోతకు చాలాచోట్ల కిలోమీటరు మందానికి పైగా పొరలు పోయాయి. పైబరువు తగ్గి, గ్యాస్ ఉబ్బి, నూనెను ట్రాపుల్లోంచి (నూనె నిలిచే రాతి గూళ్లు) నెట్టేసింది. అక్కడి షేల్ ఒకప్పుడు ఇంకా లోతున నలిగింది. నేటి లోతుతో లెక్కకడితే తప్పొస్తుంది. ముందు విట్రినైట్ (రాతిలోని బొగ్గు రేణువులు; ఎంత వేడి తగిలితే అంత మెరుస్తాయి) మెరుపు కొలిచి పోయిన మందం పట్టుకోవాలి. తర్వాత పైనుంచి ఒక్కో పొరా తీసేస్తూ, కింది పొరలకు నలగకముందు మందం ఇస్తూ కుంగుబాటు లెక్కించాలి.

పెన్నతీరం: మీరు బేసిన్ అనేది పొరల దొంతరని! నేననేది నేడు మంచు కింద రాడార్‌లో కనబడే పల్లాన్ని. ఆ ముక్క మొదటే చెబితే ఇంత రచ్చ ఉండేదా?

ఒంగోలురాయి: చెరువు గుంటనీ, అందులో పూడికనీ ఒకే పేరుతో పిలుస్తామా? మంచు కూడా పాత పగులు వెంటే దారి చేసుకుంది.

పెన్నతీరం: దారి పగులుదే, ఒప్పుకుంటా. ఇవాళ్టి ఆ లోతు మాత్రం మంచుది. అదీ రాయండి.