ఫైనాన్స్ హెడ్, కంప్లయన్స్ హెడ్: రంగం మారితే నిజంగా మారేదేమిటి?

లెడ్జర్‌లోకం: తయారీ కంపెనీలో సీఎఫ్‌ఓ (ఫైనాన్స్ హెడ్) స్థాయికి వచ్చినవాళ్లు బ్యాంకుకో, ఇన్సూరెన్సుకో, ఫార్మాకో మారితే మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సింది ఏది? ఇంకో సందేహం. చాలాచోట్ల కంప్లయన్స్ (చట్టాలు, నిబంధనలు పాటిస్తున్నారో లేదో చూసే విభాగం) కూడా సీఎఫ్‌ఓ కిందే పెడుతున్నారు. అది సరైన పద్ధతేనా? ఆయా రంగాలు తెలిసినవాళ్లు వివరంగా రాయండి.

మూడోగీత: నెలాఖరు లెక్కలు మూసే క్రమశిక్షణ, చెల్లింపుల మీద అదుపు, బోర్డుకు చెప్పే తీరు ఎక్కడైనా ఒకటే. మారేది ఒక్కటి: అంచనా ఎక్కడ దాక్కుంటుంది అన్నది. తయారీలో అది సరుకు నిల్వ విలువలో ఉంటుంది. అక్కడ రోజూ చూసే లెక్క, నిల్వ 75 రోజులు, రావాల్సిన బాకీ 60 రోజులు, మనం ఇవ్వాల్సింది 45 రోజులు అయితే నగదు 90 రోజులు ఇరుక్కుపోయినట్టు.

బ్యాంకులో ఈ సూత్రానికి అర్థమే లేదు. అక్కడ డిపాజిట్లే ముడిసరుకు. బ్యాంకుల అంతర్జాతీయ నియమాలైన బాసెల్ 3 ప్రకారం రాబోయే 30 రోజుల ఒత్తిడిలో బయటికి పోయే నికర నగదుకు కనీసం 100 శాతం మేలైన లిక్విడ్ ఆస్తులు (వెంటనే నగదుగా మార్చుకోగలిగేవి) ఉండాలి. రిస్క్‌ను బట్టి లెక్కేసిన ఆస్తుల్లో కామన్ ఈక్విటీ (వాటాదారుల సొంత మూలధనం) 4.5 శాతం, దానిపైన 2.5 శాతం బఫర్. లాభం బాగున్నా ఈ బఫర్ జారితే డివిడెండ్‌కు ఆంక్షలు పడతాయి. తయారీ నుంచి వచ్చినవాళ్లు ముందు లాభనష్టాల పట్టిక తెరుస్తారు. బ్యాంకులో బ్యాలెన్స్ షీటుతో మొదలుపెట్టాలి.

ఇక రుణనష్టాల ప్రొవిజన్, అంటే తిరిగి రాని అప్పుల కోసం ముందే పక్కన పెట్టే మొత్తం. ఐఎఫ్‌ఆర్‌ఎస్ 9 అనే అంతర్జాతీయ లెక్కల ప్రమాణం (2018 నుంచి అమలు) రుణాలను మూడు దశలుగా చూస్తుంది. మొదటి దశలో 12 నెలల అంచనా నష్టం, మిగతా రెండింటిలో రుణం తీరేదాకా వచ్చే అంచనా నష్టం. వాయిదా 30 రోజులు దాటితే రెండో దశ, 90 దాటితే డిఫాల్ట్ అన్నది సాధారణ ఊహ. బెడిసికొట్టేది ఎక్కడంటే, రుణాన్ని రీస్ట్రక్చర్ చేయగానే (వాయిదాల షరతులు మార్చి రాయగానే) సిస్టమ్ బకాయి రోజులను సున్నా చేసేస్తుంది. అప్పు ఒక్కసారిగా ఆరోగ్యంగా కనిపిస్తుంది. రీస్ట్రక్చర్ చేసిన ఖాతాల జాబితాను దశల జాబితాతో ప్రతి నెలా పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

రిటెన్షన్‌మనీ: నిర్మాణ రంగం గురించి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను రాస్తా. అంచనాకు రాజ్యం ఇదే.

కాంట్రాక్టు విలువ 100 కోట్లు, అంచనా ఖర్చు 80 కోట్లు అనుకోండి. 40 ఖర్చయితే పని సగం అయినట్టు. ఆదాయం 50, లాభం 10. ఇప్పుడు ప్రాజెక్టు ఇంజినీరు మొత్తం ఖర్చు 80 కాదు 100 అవుతుందన్నాడు. అయిన పని 40 శాతమే, ఆదాయం 40, లాభం సున్నా. చూపించేసిన 10 కోట్లు వెనక్కి తీయాలి. అదే 110 అన్నాడా, 10 కోట్ల నష్టం మొత్తం ఆ రోజే పుస్తకాల్లోకి ఎక్కుతుంది, పని పూర్తయ్యేదాకా ఆగదు. అందుకే ఇంజినీరు నోరు విప్పడానికి వెనుకాడతాడు.

ఇంకో కిటుకు కూడా జరుగుతుంది. త్రైమాసికం చివర్లో లిఫ్టులు, జనరేటర్లు తెచ్చి సైట్‌లో దింపేస్తారు, బిగించరు. ఖర్చు పెరిగింది కాబట్టి పని కూడా జరిగినట్టు శాతం పెరుగుతుంది. ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15 దీన్ని ఒప్పుకోదు. బిగించని ఖరీదైన సామాను పని శాతం లెక్కలోకి రాకూడదు, దానికి లాభం కలపకుండా ఖర్చుకు సమానమైన ఆదాయమే చూపాలి. సీఎఫ్‌ఓ హెల్మెట్ పెట్టుకుని సైట్‌కు వెళ్లక తప్పదు.

ప్రీమియంలెక్క: ఇన్సూరెన్సుకు రెండు ముక్కలు. వసూలైన ప్రీమియం ఆదాయం కాదు. 2023 నుంచి ఐఎఫ్‌ఆర్‌ఎస్ 17 కింద పాలసీ మీద రాబోయే లాభాన్ని పక్కన పెట్టి, కవరేజీ నడిచేకొద్దీ విడుదల చేయాలి. నష్టమొచ్చే పాలసీల గుంపు ఉంటే ఆ నష్టం మాత్రం వెంటనే. యాక్చువరీ (బీమా నష్టాలను గణితంతో అంచనా వేసే నిపుణుడు) లేకుండా సీఎఫ్‌ఓ నెల లెక్క ముగించలేడు, వాళ్లిద్దరికీ పడకపోతే ఇక చెప్పక్కర్లేదు.

గీతదాటొద్దు: కంప్లయన్స్ ఎవరి కింద అన్న ప్రశ్నకు: సీఎఫ్‌ఓ కింద వద్దు. పరీక్ష రాసినవాడే పేపరు దిద్దుకున్నట్టు ఉంటుంది. బ్యాంకుల విషయంలో బాసెల్ కమిటీ 2005 పత్రంలోనే కంప్లయన్స్ విభాగానికి స్వతంత్రత ఉండాలని రాసింది. అమెరికా ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2023 నవంబరు మార్గదర్శకాల్లో ఇంకా సూటిగా చెప్పింది: కంప్లయన్స్ అధికారి సీఈఓకో బోర్డుకో నేరుగా జవాబు చెప్పాలి, న్యాయ, ఆర్థిక విభాగాల కింద ఉండకూడదు.

చార్టులో గీత ఎటు గీశారన్నదానికంటే మూడు అడగండి. బడ్జెట్ ఎవరు మంజూరు చేస్తారు? కంప్లయన్స్ హెడ్‌ను తీసేయాలంటే ఎవరి సంతకం కావాలి? వాళ్ల బోనస్‌లో అమ్మకాల లక్ష్యం కలిసి ఉందా? మూడోదానికి అవునని జవాబొస్తే స్వతంత్రత కాగితం మీదే.

ఫార్మాలో డాక్టర్లకిచ్చే ప్రసంగ రుసుము, డిస్ట్రిబ్యూటర్లకిచ్చే అదనపు డిస్కౌంటు ముందు చూడాలి. ఆ డిస్కౌంటే లంచానికి నిధిగా మారుతుంది. ఒక్క వాక్యం వివరణతో గుండ్రటి అంకె ఇన్‌వాయిస్, సేవ ఒక దేశంలో చెల్లింపు ఇంకో దేశం ఖాతాకు, త్రైమాసికం ఆఖరి వారం కమిషన్... ఇవి దొరికితే ఒప్పందం, పని జరిగిన రుజువు, చెల్లింపు మూడూ సరిపోయేదాకా వదలొద్దు. అమెరికా 1977 నాటి విదేశీ లంచాల నిరోధక చట్టంలో ఖాతాపుస్తకాల నిబంధన కూడా ఉంది. లంచం రుజువు కాకపోయినా దాన్ని "మార్కెటింగ్ ఖర్చు" అని రాయడమే కేసవుతుంది.

లెడ్జర్‌లోకం: చాలా ఉపయోగం. లెక్కలు సరైనవేనని సీఎఫ్‌ఓ పెట్టే సంతకం బాధ్యత మాటేమిటి? అమెరికా సార్బేన్స్ ఆక్స్‌లీ చట్టం కింద 20 ఏళ్ల జైలు అంటుంటారు, అందరు సీఎఫ్‌ఓలకూనా?

మూడోగీత: కాదండి. ఆ 2002 చట్టం అమెరికా మార్కెట్లలో నమోదైన కంపెనీలకు. సెక్షన్ 906లో తప్పని తెలిసి ధ్రువీకరిస్తే 10 ఏళ్ల వరకు, ఉద్దేశపూర్వకంగా చేస్తే 20 ఏళ్ల వరకు. మిగతా దేశాల్లో వాళ్ల చట్టాలు వాళ్లవి. ఎక్కడైనా సరే, విభాగాధిపతుల నుంచి ముందు ఉప ధ్రువీకరణ పత్రాలు (తమ విభాగం లెక్కలు సరైనవేనని రాసిచ్చేవి) తీసుకోండి. అయితే అవి డాలు కావు, ప్రశ్నలు అడిగామన్న ఆనవాలు మాత్రమే.

రిటెన్షన్‌మనీ: ఆఫర్ ఒప్పుకునేముందు గత రెండేళ్ల ఆడిటర్ మేనేజ్‌మెంట్ లెటర్లు (ఆడిట్‌లో కనిపించిన లోపాలను యాజమాన్యానికి రాసినవి), సరిదిద్దకుండా వదిలేసిన తప్పుల పట్టిక అడగండి. ఇవ్వబోమని అన్నారా, అదే జవాబు. ఆడిట్ కమిటీ చైర్మన్‌ను సీఈఓ లేకుండా కలవాలి. డైరెక్టర్ల బాధ్యతా బీమా పదవి దిగిపోయాక కూడా వర్తిస్తుందో లేదో పాలసీలోనే చదవండి, మాట మీద నమ్మొద్దు.

చేరాక మొదటి నెల: బ్యాంకు ఖాతాలన్నిటికీ నిల్వ ధ్రువీకరణ బ్యాంకు నుంచే నేరుగా తెప్పించుకోవడం, కన్సాలిడేషన్‌లో (గ్రూపు కంపెనీల లెక్కలు కలిపేటప్పుడు) చేత్తో వేసిన జర్నల్ ఎంట్రీలు, 90 రోజులు దాటిన సస్పెన్స్ ఖాతా (ఏ పద్దో తేలక తాత్కాలికంగా ఉంచేది) మొత్తాలు, 13 వారాల నగదు అంచనా. సంస్కరణల స్లైడ్లు ఆ తర్వాత.

గీతదాటొద్దు: ఆ జాబితాకు ఒకటి కలపండి: వెళ్లిపోయినవాళ్ల పేర్ల మీద ఇంకా బతికున్న చెల్లింపు అనుమతులు. సంతకందారుల జాబితాను హెచ్‌ఆర్ రాజీనామాల జాబితాతో పోలిస్తే గంటలో తేలిపోతుంది.