ఫైకో 8 నుంచి వాంటేజ్‌స్కోర్ 4.0కి మారితే పాత 660 కటాఫ్ అలాగే ఉంచొచ్చా?

టియర్‌షీట్:

అమెరికాలో ఒక మధ్యతరహా క్రెడిట్ యూనియన్ (సభ్యుల సహకార రుణ సంస్థ) సంగతి. కారు లోన్లకు, తాకట్టు లేని పర్సనల్ లోన్లకు ఇప్పటిదాకా ఫైకో 8 అనే క్రెడిట్ స్కోరు మోడల్ (అప్పు సరిగా కడతారో లేదో అంకెలో అంచనా వేసేది) వాడుతున్నాం. 660 కన్నా తక్కువైతే నేరుగా తిరస్కరణ. పైన మూడు వడ్డీ మెట్లు: 660–699, 700–739, 740 ఆపైన. ఇప్పుడు దాని పోటీ మోడల్ వాంటేజ్‌స్కోర్ 4.0కి మారాలని పైనుంచి ఒత్తిడి ఉంది. ఫైకో 10టీ కూడా పరిశీలనలో ఉంది. రెండిటి స్కేలూ 300–850 కాబట్టి కటాఫ్‌లు అవే ఉంచి, క్రెడిట్ బ్యూరో (అందరి అప్పుల చరిత్ర ఉంచి స్కోర్లు ఇచ్చే సంస్థ) దగ్గర ప్రోడక్ట్ కోడ్ మారిస్తే చాలని ఐటీ వాళ్లు అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. ఏ క్రమంలో వెళ్లాలి, ఎక్కడ దెబ్బ తగులుతుంది? ఇంటి లోన్లు కూడా ఇస్తాం, వాటికీ ఇదే వాడొచ్చా?

రిస్క్‌లెక్కలు:

మీ అనుమానం సరైనదే. స్కేలు ఒకటైనంత మాత్రాన 660 వెనక ఉన్న రిస్క్ ఒకటి కాదు. ఒక మోడల్‌లో 660 వచ్చినవాళ్లలో నూటికి ఇద్దరు వాయిదాలు ఎగ్గొడితే, ఇంకో మోడల్‌లో అదే అంకె దగ్గర ముగ్గురు ఎగ్గొట్టవచ్చు (ఇవి ఉదాహరణకు వేసిన లెక్కలే). మీరు కొత్త మోడల్‌లోకి మోసుకెళ్లాల్సింది ఆ 'నూటికి ఇద్దరు' అనే రేటును. 660 అనే అంకెను కాదు.

చేయాల్సింది ఇది. గతంలో వచ్చిన దరఖాస్తులన్నీ, తిరస్కరించినవాటితో సహా, బ్యూరోకి పంపి దరఖాస్తు తేదీ నాటి ఆర్కైవ్ ఫైలు మీద కొత్త స్కోరు తీయించుకోండి. ఈ రోజు ఫైలు మీద తీసిన స్కోరు పనికిరాదు, ఎందుకంటే ఆ తర్వాత జరిగిన ఎగవేతలు అందులోకి అప్పటికే వచ్చేసి ఉంటాయి. అలా చేస్తే మోడల్ అద్భుతంగా కనిపిస్తుంది. ఆ తప్పు ఎంత తరచుగా జరుగుతుందో చెప్పలేను. తర్వాత 24 నెలల చెల్లింపుల చరిత్ర చూసి, 90 రోజులు దాటిన బాకీనో రైటాఫ్‌నో 'బ్యాడ్'గా గుర్తించండి. పర్సనల్ లోన్లకైతే 18 నెలలు సరిపోతాయి. కారు లోన్లు, పర్సనల్ లోన్లు కలిపేయకండి, విడివిడిగా చేయండి. ఒక్కోదాంట్లో కనీసం కొన్ని వందల బ్యాడ్ ఖాతాలు లేకపోతే వచ్చే గ్రాఫు మీద నిర్ణయం తీసుకోవద్దు. అప్పుడు బ్యూరో దగ్గరే మీలాంటి లోన్‌బుక్ శాంపిల్ అడగాలి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. శాంపిల్‌కి ఏ కాలం తీసుకుంటున్నారో జాగ్రత్త. 2020 మార్చిలో కేర్స్ చట్టం (కరోనా ఊరట చట్టం) వచ్చాక, అప్పటిదాకా సరిగా నడుస్తూ వాయిదా ఊరట పొందిన ఖాతాలను 'కరెంట్'గానే (బాకీ లేనట్టే) రిపోర్ట్ చేశారు. ఫెడరల్ స్టూడెంట్ లోన్ల వాయిదాలు 2023 శరదృతువు దాకా ఆగాయి, ఆ తర్వాత కూడా 2024 సెప్టెంబర్ 30 దాకా ఎగవేతలు బ్యూరోకి వెళ్లలేదు. ఆ ఏళ్ల దరఖాస్తుల్లో స్కోర్లు వాపు మీద ఉన్నాయి. ఆ డేటా ఒక్కదాన్నే నమ్ముకుని కటాఫ్ పెడితే అది మెతకగా తేలుతుంది. కరోనాకు ముందు కాలం నుంచి ఒకటి, 2023 తర్వాతి కాలం నుంచి ఒకటి, రెండు శాంపిల్స్ పెట్టుకుని రెండిట్లోనూ నిలబడిన కటాఫే తీసుకోండి.

కట్టేవాళ్లనీ ఎగ్గొట్టేవాళ్లనీ మోడల్ ఎంత బాగా విడదీస్తుందో చెప్పే కేఎస్, జీనీ అంకెలు అందరూ చూపిస్తారు. మొత్తం జనాభా మీద కాకుండా 600–720 మధ్య ఉన్నవాళ్ల మీద ఎంతొచ్చిందో అడగండి. 800 వాణ్ణీ 520 వాణ్ణీ విడదీయడం ఏ మోడల్‌కైనా చేతనవును. మీ నిర్ణయాలన్నీ ఉండేది ఆ నడిమి భాగంలోనే.

అన్నిటికన్నా ముఖ్యం స్వాప్ సెట్. పాత స్కోరుతో పాసై కొత్తదాంతో ఫెయిలైనవాళ్లు ఒక గుంపు, దానికి తిరగేస్తే ఇంకో గుంపు. మొదటి గుంపు చెల్లింపులు మీ పుస్తకాల్లోనే ఉన్నాయి. రెండో గుంపుకి మీరు లోనే ఇవ్వలేదు కాబట్టి వాళ్లు ఎలా కట్టేవారో మీకు తెలియదు. అదే సమయంలో వేరే లెండర్ దగ్గర వాళ్లు తీసుకున్న అలాంటి లోన్ ఎలా నడిచిందో బ్యూరో ఇవ్వగలదు. ఆ ఆధారం లేకుండా తలుపులు బార్లా తెరవొద్దు. మొదటి ఆరు నెలలు వాళ్లకి తక్కువ మొత్తం, తక్కువ గడువు పెట్టండి.

పాతకాపు_అండర్‌రైటర్:

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. ఒక్కటి కలుపుతాను: ఈ మోడళ్లు దేన్ని వేరుగా చూస్తాయో మీ అండర్‌రైటర్లకి ముందే తెలియాలి.

ఫైకో 8 కార్డు మీద చివరిసారి రిపోర్ట్ అయిన బ్యాలెన్స్ మాత్రమే చూస్తుంది. వాంటేజ్‌స్కోర్ 4.0 (2017), ఫైకో 10టీ (2020) రెండూ ట్రెండెడ్ డేటా వాడతాయి. దాదాపు 24 నెలలుగా బ్యాలెన్స్ పెరుగుతూ వచ్చిందా, తగ్గుతూ వచ్చిందా, నెలనెలా పూర్తిగా కట్టేస్తున్నారా లేక మినిమం కట్టి దొర్లిస్తున్నారా అని చూస్తాయి. దరఖాస్తుకి ముందు నెలలో కార్డు బ్యాలెన్స్ దించేసి స్కోరు పెంచుకునే చిట్కాకి వీటిలో అంత బలం ఉండదు. అందుకే పాత 715, కొత్త 690 కనిపించిన మనిషి దగ్గర ముందు కార్డుల బ్యాలెన్స్ చరిత్ర చూడండి, చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది. ఇంకో మాట: ఫైకో 10, ఫైకో 10టీ ఒకటి కావు. టీ లేనిదాంట్లో ట్రెండెడ్ డేటా లేదు. కాంట్రాక్టులో ఏది రాశారో చదువుకోండి.

వసూళ్ల ఖాతాల (కలెక్షన్లు, అంటే వసూలు ఏజెన్సీకి వెళ్లిన బాకీలు) విషయంలోనూ తేడా ఉంది. తీర్చేసిన కలెక్షన్‌ని ఫైకో 8 ఇంకా లెక్కలో ఉంచుకుంటుంది (అసలు మొత్తం 100 డాలర్ల లోపుంటే తప్ప). ఫైకో 9 నుంచి ఇటువైపూ, వాంటేజ్‌స్కోర్ 4.0లోనూ తీర్చేస్తే వదిలేస్తారు. వైద్య బాకీల కలెక్షన్లను వాంటేజ్ అసలే లెక్కించదు.

స్కోరు రావాలంటే ఫైకోకి కనీసం ఆరు నెలల వయసున్న ఖాతా ఒకటి, గత ఆరు నెలల్లో రిపోర్ట్ అయిన ఖాతా ఒకటి కావాలి (రెండూ ఒకే ఖాతా కావచ్చు). వాంటేజ్ ఒక నెల చరిత్రకే స్కోరిస్తుంది. ఎక్కువమందికి స్కోరొస్తుందని అమ్మేవాళ్లు చెప్పేది ఇదే. అబద్ధం కాదు గానీ, రెండు నెలల ఒకే ఒక్క కార్డుతో వచ్చిన 680నీ పదేళ్ల ఫైలుతో వచ్చిన 680నీ ఒకే వడ్డీ మెట్టులో పెట్టడం నా దృష్టిలో తెలివైన పని కాదు. పల్చటి ఫైళ్లకి ఖాతాల సంఖ్య, అతి పాత ఖాతా వయసు అనే రెండు అదనపు నిబంధనలు పెట్టండి.

నోటీస్‌డెస్క్:

ఐటీ వాళ్లు అన్న 'కోడ్ మారిస్తే చాలు' దగ్గర చిక్కులు మూడు.

స్కోరు రాని ఫైలుకి బ్యూరో స్కోరు గడిలో మినహాయింపు కోడ్ పంపుతుంది. కొన్ని మోడళ్లలో అది 9000ల్లో ఉంటుంది, కొన్నింటిలో ఒంటి అంకె. మీ రూల్ ఇంజిన్‌లో '660కి పైనైతే పాస్' అని మాత్రమే రాసి ఉంటే నాలుగంకెల కోడ్ నేరుగా ఉత్తమ వడ్డీకి వెళ్లిపోతుంది. 300–850 బయట ఏది వచ్చినా మాన్యువల్ క్యూకి పంపే నిబంధన అన్నిటికన్నా ముందు నడవాలి. కొత్త మోడల్ కోడ్ల పట్టిక చూసి ఒక్కో కోడ్‌తో టెస్ట్ ఫైలు నడపండి.

తిరస్కరణ నోటీసులో వాడిన స్కోరు, తేదీ, స్కేలు, బ్యూరో పేరు, స్కోరు తగ్గడానికి ముఖ్య కారణాలు నాలుగు దాకా ఉండాలి. ఎంక్వైరీలు (అప్పు కోసం లెండర్లు ఫైలు తీసిన సార్లు) కూడా కారణమై ఆ నాలుగింటిలో లేకపోతే ఐదోది చేర్చాలి. వాంటేజ్ కారణ కోడ్లు, ఫైకో కారణ కోడ్లు వేర్వేరు. పాత పట్టిక సిస్టమ్‌లో మిగిలిపోతే దరఖాస్తుదారుకి సంబంధం లేని కారణం అచ్చవుతుంది, అది చట్టపరంగా తప్పుడు నోటీసే.

మూడోది ఎవరూ గుర్తుపెట్టుకోరు. రిస్క్ ఆధారిత ధరల నోటీసు (క్రెడిట్ రిపోర్టు వల్ల వడ్డీ ఎక్కువ పడిందని చెప్పేది) బదులు అందరికీ స్కోరు వెల్లడి పత్రం ఇస్తుంటే, అందులో 'మీ స్కోరు ఎంత శాతం మందికన్నా మెరుగు' అనే వాక్యమో, బార్ గ్రాఫో ఉంటుంది. అది ఆ మోడల్‌కి చెందిన పంపిణీ కావాలి. ఫైకో గ్రాఫు కింద వాంటేజ్ అంకె వేయకూడదు.

ఎస్ఆర్ 11-7 పేరుతో బ్యాంకుల నియంత్రణ సంస్థలు ఫెడ్, ఓసీసీ 2011లో ఇచ్చిన మోడల్ రిస్క్ మార్గదర్శకం బ్యాంకులకే అయినా, బయట కొన్న మోడల్‌ని కూడా సొంత డేటా మీద పరీక్షించాలనే దాని పద్ధతి క్రెడిట్ యూనియన్‌కీ పనికొస్తుంది. కొత్త కటాఫ్ వల్ల ఈకోవా (అప్పుల్లో వివక్షను నిషేధించే చట్టం) రక్షణలో ఉన్న వర్గాల ఆమోదం ఎంత మారిందో కూడా ఆ ఫైల్లోనే పెట్టండి.

త్రిమెర్జ్:

ఇంటి లోన్ల ప్రశ్న మిగిలింది. అది వేరే లోకం. ఇంటి లోన్లు కొనే సంస్థలైన ఫ్యానీ మే, ఫ్రెడ్డీ మాక్‌లకి అమ్మే లోన్లకి దశాబ్దాలుగా నడిచినవి క్లాసిక్ ఫైకోలు: ఎక్స్‌పీరియన్ దగ్గర ఫైకో 2, ట్రాన్స్‌యూనియన్ దగ్గర ఫైకో 4, ఈక్విఫాక్స్ దగ్గర ఫైకో 5. కార్ల కోసం మీరు వాడుతున్న ఫైకో 8 కూడా అక్కడ చెల్లలేదు. 2018 చట్టం, 2019 నిబంధనల తర్వాత, 2022 అక్టోబర్‌లో ఆ రెండిటి నియంత్రణ సంస్థ ఎఫ్‌హెచ్‌ఎఫ్‌ఏ ఫైకో 10టీ, వాంటేజ్‌స్కోర్ 4.0 రెండిటినీ ఆమోదించింది. 2025 జులైలో వాంటేజ్‌స్కోర్ 4.0ని లెండర్లు వాడుకోవచ్చని ప్రకటించింది, మూడు బ్యూరోల రిపోర్టు మాత్రం అలాగే ఉంచింది. ప్రకటన వచ్చింది కదా అని రేపే పంపకండి. మీ లోన్లు కొనే సంస్థ, తాకట్టు బీమా కంపెనీ, మీ లోన్ సాఫ్ట్‌వేర్, ముగ్గురూ ఆ స్కోరుని తీసుకుంటున్నట్టు రాతపూర్వకంగా ఉండాలి. ఒక్కరు 'ఇంకా లేదు' అన్నా ఆ లోన్ మీ పుస్తకాల్లోనే ఉండిపోతుంది.

ఫ్యానీ, ఫ్రెడ్డీల ధరల అదనపు చార్జీల పట్టిక 20 పాయింట్ల స్కోరు మెట్లతో, క్లాసిక్ ఫైకో మీద అల్లినది. దరఖాస్తుకొకటి చొప్పున ఏ స్కోరు ఎక్కువొస్తే అది పంపుదామనే ఆలోచన మీ వాళ్లకి రావచ్చు. ఆ పని చేస్తే కొనేవాళ్ల దగ్గర రిస్క్ పోగవుతుందని వాళ్లకీ తెలుసు, దానికి తగ్గట్టే నిబంధనలు బిగిస్తారు. ఏ మోడల్ ఎప్పుడు వాడతారో ముందే పాలసీలో రాసి దానికే కట్టుబడండి.

టియర్‌షీట్:

అందరికీ ధన్యవాదాలు. కార్లకి, పర్సనల్ లోన్లకి ఆర్కైవ్ స్కోర్లు అడుగుతున్నాం, ఇంటి లోన్లు పక్కన పెడుతున్నాం. ఒక్క సందేహం: రెండు స్కోర్లూ కొన్నాళ్లు పక్కపక్కన తీయాలా?

రిస్క్‌లెక్కలు:

తీయండి, కనీసం రెండు త్రైమాసికాలు. నిర్ణయం పాతదాని మీదే, కొత్తది నీడలో. నెలనెలా కొత్త స్కోరు పంపిణీని శాంపిల్‌తో పోల్చి పీఎస్ఐ (పంపిణీ ఎంత మారిందో చెప్పే సూచీ) చూడండి: 0.1 లోపైతే పర్వాలేదు, 0.25 దాటితే ఆగి కారణం వెతకాలి. రెండు స్కోర్లూ ఒకే రిపోర్టు మీద ఒకే క్షణంలో రావాలి. రెండు రోజుల తేడాతో తీస్తే మధ్యలో బ్యాలెన్స్ అప్‌డేట్ అయి పోలిక చెడుతుంది.