శంఖారావమా, శంఖధ్వానమా?

పాతపలక: మా తాతగారు అరుగు మీద కూర్చుని చదివే పోతన పద్యం రెండ్రోజులుగా నోట్లో ఆడుతోంది. “అంధేందూదయముల్ మహాబధిర శంఖ...” తర్వాత ఆయన “ధ్వానముల్” అనేవారని గుర్తు. అచ్చులో “ఆరావముల్”. హరిభక్తి లేనివాళ్ళ బతుకు గుడ్డివాడికి చంద్రోదయంలా, చెవిటివాడికి శంఖనాదంలా, మూగవాడు గ్రంథం చెప్పబోయినట్టు, నపుంసకుడు వధువును కోరినట్టు వ్యర్థమని కదా పద్యం. ‘ధ్వానముల్’ అని ఉన్న పాఠం ఏ ప్రతిలోనైనా ఎవరైనా చూశారా?

గోదారిగట్టు: గణాలు రెండింటికీ సరిపోతాయి, యతే ఒప్పుకోదు. మొదటి అకారానికి పదమూడో అక్షరంలో శంఖ+ఆరావ సంధిలోని ఆకారం యతిగా కలవాలి. వట్టి ‘ఖ’ అయితే శార్దూలం అక్కడే కుంటుతుంది.

బమ్మెరవాసి: ‘కుంటుతుంది’ అన్నారు చూడండి, ఛందస్సుకీ ఆ మాటే దొరికింది మనకి! నన్ను పట్టేది అసలు ఆ జాబితా. అంధ, బధిర, మూక, నపుంసక. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో ఆస్తిలో వాటా లేదన్నవాళ్ళ వరస చూడండి: క్లీబ (నపుంసకుడు), జాత్యంధ (పుట్టుగుడ్డి), బధిర, మూక. నలుగురూ వాళ్ళే. కూడూ గుడ్డా ఇస్తే చాలన్నాడు. ధర్మశాస్త్రం నుంచే ఈ వరస కవుల నోటికెక్కిందని నా నమ్మకం.

గోదారిగట్టు: పోతనకు అంటగట్టకండి. ఆయన నింద భక్తి లేనివాళ్ళ మీద. మూకకవిని మరిచారా? అమ్మవారి దయతో మాటొచ్చి అయిదు వందల శ్లోకాలు చెప్పాడంటారు.

బమ్మెరవాసి: మాట వచ్చాకే కదండీ కవి అయ్యాడు! రాకపోతే? ఆ వాటా నియమం 1928 చట్టం దాకా పోలేదు. అప్పుడూ పుట్టుకతో మతి లేనివాళ్ళని మినహాయించారు. పూర్తిగా తీసేసింది 1956లో.

తుంగభద్ర: కౌటిల్యుడు కొంత నయం. ఒంటికన్నువాణ్ణి, కుంటివాణ్ణి ఆ మాటతో తిడితే, నిజమైనా 3 పణాల జరిమానా. అబద్ధమైతే 6. “అందమైన కళ్ళవాడా” అని పొగిడినట్టు ఎత్తిపొడిస్తే 12. ‘దివ్యాంగులు’ అన్నప్పుడల్లా నాకు ఆ పన్నెండే గుర్తొస్తుంది. వికలాంగులన్న మాటే నాకు నిజాయితీగా ఉంది.

గోదారిగట్టు: ‘వికల’లో లోపం లేదా? అవిటి అచ్చతెలుగు. సరే, రెండో పాదంలో ‘గ్రంథా’, ఒకటో పాదంలో ‘అంధేం’. ప్రాసకు ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలి కదా, ఈ థ-ధ ప్రాస సంగతి ఎవరూ అడగరేం?

పాతపలక: మా అత్తయ్యకు పుట్టుచెముడు. తాతగారు పూజలో శంఖం ఊదుతుంటే దాని మీద వేళ్ళానించి కళ్ళు మూసుకునేది. అదురు ఆగాకే తెరిచేది. వినపడదని తెలిసీ, ఆమె ఎదురుగా ఉంటే ఆయన ఈ పద్యం ఎత్తుకునేవారు కాదు. పాత ప్రతులున్నవాళ్ళు ఆ పాఠం కాస్త చూడండి.