సున్నపుతేటలో ‘తేట’ అంటే నీళ్లేనా?

దోమలగూడ టీచరమ్మ:
అందరికీ నమస్కారం. ఒక మాట దగ్గర ఇరుక్కుపోయాను, పెద్దలు తీర్చాలి. నేను హైస్కూల్ పిల్లలకు సైన్స్ చెబుతాను. మా పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. మొన్న కార్బన్ డయాక్సైడ్ పరీక్ష చేయిద్దామని "రేపు ఎవరైనా లైమ్ వాటర్ తీసుకురండి" అన్నాను. మర్నాడు ఒక పాప సీసా నిండా నిమ్మకాయ నీళ్లు పట్టుకొచ్చింది. చిటికెడు ఉప్పు కూడా వేసింది! ఆ పిల్లను ఏమనగలం? మా బడి గేటు ముందు సోడాబండి మీద ‘లైమ్ సోడా’ అని ఇంత పెద్ద అక్షరాలతో రాసుంటుంది. క్షారం తెమ్మంటే ఆమ్లం తెచ్చిందన్నమాట.

ఎదుటి పేజీ చూడమన్నాను. ‘సున్నపుతేట’ అని ఉంది. చదివి, "సున్నం తెల్సు మేడమ్, పాన్‌డబ్బాల ఉంటది. తేట అంటే?" అంది. గంట కొట్టే వేళయింది, "నీళ్లేనమ్మా" అనేశాను. ఇంటికొచ్చాక మనసొప్పలేదు. నీళ్లే అయితే సున్నపునీరు అనేవారు కదా, తేట ఎందుకన్నారు?

నిఘంటువుల పిచ్చోడు:
నీళ్లు కాదండి, తేరిన నీళ్లు. తేఱు అని పాత క్రియ, బండి ఱ తో. కలిసిన మడ్డి అడుగుకు దిగి పైన నిర్మలం కావడం దాని అర్థం. దానిమీద పుట్టిన నామం తేట. ఏఱు ఏటి అయినట్టు, నూఱు నూట అయినట్టు, ఈ ఱ కాస్తా ట అయింది. ఇప్పటికీ "షాక్ నుంచి తేరుకున్నాడు" అంటున్నామా, అదీ ఇదే. మనసులో కలక అడుక్కి దిగిందని.

మురికినీళ్ల బిందెలో చిల్లగింజ అరగదీసి కలిపేవాళ్లు చూడండి, మనలో కొందరు ఇండుపుగింజ అంటారు. తమిళులు దాన్ని తేఱ్ఱాన్‌కొట్టై అంటారు. అంటే తేర్చే గింజ. ధాతువు ఒకటే. మన తేట తెలుగులో ఉన్నదీ ఈ తేటే.

కాబట్టి మీ పాపకు నిఘంటువు చూపించకండి. రాత్రి మిగిలిన మజ్జిగ గిన్నె పొద్దున కదపకుండా చూపించండి. పైన పల్చగా నిలిచిందే, అది తేట.

పెనమలూరు అత్త:
మజ్జిగతేట! మా అత్తగారు ఆ పైతేట వంచేసి, చిక్కటిది మటుకు తాలింపు పెట్టేవారు. ఈ మాట ఫ్రిజ్జులొచ్చాక పోయింది. టీచరమ్మగారూ, మీ పాప ఇంట్లో పెరుగు ప్యాకెట్ అయితే ఈ ఉదాహరణ కూడా పనిచేయదు, ముందే చెబుతున్నా.

శాలిబండ సున్నపోళ్ల పిలగాడు:
మేడమ్, మా నాయిన సున్నం మేస్త్రి. మేము తేట అనం, ‘తేరిన నీళ్లు’ అంటం. కత ఒకటే.

బట్టీల కాలిన రాయి తెచ్చి గుంతల ఏసి నీళ్లు ఇడిస్తే సున్నం ఉడుకుతది. కింద నిప్పు ఉండదు, అయినా కుతకుత ఉడుకుతది. చిన్నగున్నప్పుడు దగ్గరికి పోనిచ్చేటోళ్లు గాదు, కంట్ల పడ్డదంటే కన్ను పోతది. ఉడికినంక చల్లారవెట్టి, జల్లెడ వట్టి, మల్ల గుంతల మాగవెడ్తరు. పదిహేను దినాలకు తక్కువైతే మా నాయిన ముట్టకపోవు. ఎన్ని దినాలు మాగితే అంత వెన్నలెక్క అయితది.

గిప్పుడు అసలు ముచ్చట. గుంతల సున్నం అడుగుకు దిగి మీద జానెడు తేరిన నీళ్లు నిలుస్తయి. కొత్తగచ్చిన కూలోడు ఉత్త నీళ్లే గదా అని తోడి పారబోస్తే తిట్లు తినేటోడు. ఆ నీళ్లు మూతలెక్క. మీద నీళ్లుంటేనే కింద సున్నానికి గాలి తగల్దు. గాలి తగిల్తే పైపైన గట్టివడి రాయి అయితది. పాత గచ్చు పొడి పొడి రాలుతుంటె ఆ తేరిన నీళ్లే కుంచెతోని ఒకటికి పదిసార్లు కొడ్తరు, గట్టివడ్తదని. ఉత్త నీళ్లయితే ఎందుకు కొడ్తరు మేడమ్?

లెక్కల మనిషి:
పై తమ్ముడు చెప్పినదాంట్లో పదో తరగతి పాఠం మొత్తం ఉంది. నేను అంకెలు మాత్రం కలుపుతాను.

సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే (శుద్ధమైనదనుకుందాం) 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పొగగొట్టంలోంచి పోతుంది, 56 కిలోల పొడిసున్నం మిగులుతుంది. ఈ 56కు 18 కిలోల నీళ్లు చేరితే 74 కిలోల తడిసున్నం. తమ్ముడు చూసిన ఉడుకు ఇక్కడిది, ఈ చర్యలోనే వేడి పుడుతుంది. ఆ 74 గోడకెక్కాక గాలిలోంచి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ మెల్లగా పీల్చుకుని 18 కిలోల నీళ్లు వదిలేస్తుంది. మిగిలిందెంత? 100. రాయి మళ్లీ రాయి అయింది. పోయిన 44 తిరిగొచ్చింది, పోసిన 18 వెళ్లిపోయింది. అణుభారాల లెక్కకు ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పిల్లలకు మోల్ అనగానే వచ్చే జ్వరం గోడ చూపిస్తే కొంచెం దిగుతుంది.

సిమెంటు నీళ్లతో గట్టిపడుతుంది, సున్నం గాలితో గట్టిపడుతుంది. తేడా అదే. 1591లో కట్టిన చార్మినార్ మీది నగిషీ అంతా సున్నపు గచ్చే.

శాలిబండ సున్నపోళ్ల పిలగాడు:
అవునన్నా. 2019ల ఒక మీనార్ మీది గచ్చు పెచ్చు ఊడిపడ్డప్పుడు మా నాయిన అన్నం తినలే ఆ రాత్రి. డంగు సున్నం అంటే గానుగల తిప్పి తిప్పి నూరాలె, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పొయ్యాలె. గచ్చు అన్న మాట పార్సీదట, గదా పిచ్చన్నా?

నిఘంటువుల పిచ్చోడు:
అవును తమ్ముడూ, పార్సీ ‘గచ్’. సున్నం మాత్రం సంస్కృత చూర్ణం నుంచి ప్రాకృత చుణ్ణం మీదుగా మన దగ్గరికొచ్చింది. అదే చుణ్ణం హిందీ, ఉర్దూల్లో చూనా అయింది. పాన్‌డబ్బా దగ్గర "సున్నం తక్కువెయ్" అన్నా, "చూనా కమ్ లగావ్" అన్నా చివరికి ఒకే తాతను పిలుస్తున్నాం. సున్న మాత్రం వేరే ఇంటిది, శూన్యం నుంచి వచ్చింది. సున్నం, సున్న అన్నదమ్ముల్లా కనిపిస్తాయి గానీ చుట్టరికం లేదు. ఇంగ్లీషు ‘లైమ్’ల కథా అంతే. కాయ పేరు పార్సీ, అరబ్బీ దారిలో వచ్చింది, సున్నం పేరు వాళ్ల సొంత పాత మాట. ఒకే స్పెల్లింగులో రెండు కుదురుకుని మీ పాపను నిమ్మకాయ పిండేలా చేశాయి.

మెహదీపట్నం బీటెక్:
సారీ గానీ, ఇదంతా ఓవర్ అనిపిస్తోంది. ‘సున్నపు నీళ్లు’ అంటే పోయేదేముంది? పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. ‘తేట’ అని పెట్టి, మళ్లీ దానికి ఇంత వివరణా?

దోమలగూడ టీచరమ్మ:
మీ ప్రశ్న నాకూ ఉండేది తమ్ముడూ, ఈ పొద్దుటి దాకా. పాన్‌షాపు నుంచి కొంచెం సున్నం తెచ్చి పిల్లల ముందే నీళ్లలో కలిపాను. తెల్లగా పాలలా అయింది. "ఇదే సున్నపు నీళ్లా మేడమ్?" అన్నారు. అవుననే అనాలి మీ లెక్క ప్రకారం. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి తేట తెల్లబడాలి, అదీ పరీక్ష. ఇందులో గొట్టం పెట్టి ఊదితే ఏం తెలుస్తుంది? ముందే తెల్లగా ఉంది, ఊదినా తెల్లగానే ఉంటుంది. పరీక్షే పనికిరాదు. తేట అన్నామంటే కలపాలి, ఆగాలి, దిగనివ్వాలి, కదపకుండా పైది వంచుకోవాలి అని మాటలోనే ఉంది. లైమ్ వాటర్‌లో ఈ పనులేవీ లేవు. సున్నపు నీళ్లలోనూ లేవు.

రిటైర్డ్ హెడ్మాస్టర్:
బాగా చెప్పావమ్మా. కలిపినదానికీ మనకు వేరే మాట ఉంది, సున్నపుపాలు. వెల్ల వేయడానికి అది. పరీక్షకు తేట. రెండింటికీ రెండు మాటలున్నప్పుడు రెండింటినీ నీళ్లలో ఎందుకు కలపడం?

మా రోజుల్లో కార్బన్ డయాక్సైడ్ గురించి ఈ వాక్యం రాని పిల్లవాడు లేడు: ‘సున్నపుతేటను పాలవలె తెల్లగా మార్చును.’ నలభై ఏళ్ల తర్వాత కలిసిన శిష్యులు కూడా నమస్కారం బదులు ఇదే అంటారు. ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు, ఈ చర్చ చదువుతుంటే తట్టింది. తెల్ల, తెలి, తెలియు, తెల్లవారు, అన్నీ ఒక్క కుదురు. తెలుపు అంటే రంగూ అవుతుంది, ఎరిగించడమూ అవుతుంది. ఆ పరీక్షనాళికలో జరిగేదేమిటి? తేట తెలుపై, గాలిలో ఏముందో తెలుపుతుంది. తేటతెల్లం అంటాం చూడండి, అక్కడ తెల్లం అంటే రంగు కాదు, స్పష్టం అని. కానీ ఈ ఒక్క పరీక్షలో తేట తెల్లనైతేనే సంగతి తేటతెల్లం!

(శ్లేషకు క్షమించాలి. పదవీ విరమణ చేసినవాడికి ఇంతకంటే పనిలేదు.)

ఒక జాగ్రత్త. పిల్లలు ఉత్సాహంకొద్దీ ఆపకుండా ఊదితే ఆ తెలుపు మళ్లీ పోవచ్చు. మొదట ఏర్పడిన కాల్షియం కార్బోనేట్ నీళ్లలో కరగదు కాబట్టి తెల్లగా కనిపించింది. ఇంకా కార్బన్ డయాక్సైడ్ వస్తే అది కాల్షియం బైకార్బోనేట్‌గా మారి కరిగిపోతుంది. ఒకసారి ఇన్‌స్పెక్షన్ నాడు ఒకడు శక్తికొద్దీ ఊదాడు. ఇన్‌స్పెక్టర్‌గారు మా గది గుమ్మం దాటి వచ్చేసరికి గొట్టంలో మళ్లీ తేటే. "ఏమయ్యా, ఏం మారలేదే?" అన్నారాయన.

మెహదీపట్నం బీటెక్:
హహ. సరే సార్, ఒప్పుకున్నా. ఎంతసేపు ఊదాలి మరి?

లెక్కల మనిషి:
మామూలు వేడిలో లీటరు నీళ్లలో కరిగే తడిసున్నం 1.7 గ్రాములకు అటూ ఇటూ. అందుకే అంత సున్నం అడుగునే ఉండిపోతుంది, వేడిచేస్తే కరిగేది ఇంకా తగ్గుతుంది. పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్ల తేట పోశారనుకోండి, అందులో ఉన్నది 8.5 మిల్లీగ్రాములు. 74కు 44 లెక్కన దానికి కావలసిన కార్బన్ డయాక్సైడ్ 5 మిల్లీగ్రాములే, అంటే మూడు మిల్లీలీటర్ల లోపు. మనం వదిలే ఊపిరిలో అది నూటికి నాలుగు పాళ్లు ఉంటుంది. అంతా కలిసిపోతే 70 మిల్లీలీటర్ల ఊపిరి చాలు, ఒక్క శ్వాసలో చిన్న భాగం. బుడగలు పైకి పారిపోతాయి గనక నాలుగైదు సార్లు ఊదాలి. పంపుతో బయటి గాలి కొట్టి చూడండి, నూటికి 0.04 పాళ్లే కాబట్టి చెయ్యి నొప్పెట్టేదాకా కొడితే గానీ తెల్లబడదు.

పెనమలూరు అత్త:
మా బూడిదగుమ్మడి మురబ్బా సంగతి ఎవరూ చెప్పలేదేం? ముక్కలను సున్నపుతేటలో నానబెడితేనే పాకంలో చితికిపోకుండా కరకరలాడతాయి. అక్కడా తేటే వాడాలి. సున్నపుపాలు పోస్తే నోరు పొక్కుతుంది.

లెక్కల మనిషి:
కాయలోని పెక్టిన్‌ను, అంటే కణాలను అతికిపెట్టే జిగురును, కాల్షియం పట్టి బిగిస్తుందండి, అందుకే కరకర. నానబెట్టాక బాగా కడగాలి.

కూకట్‌పల్లి కుర్రాడు:
"సున్నంలోకి ఎముక లేకుండా తంతా" అంటారు కదా, ఎముకలు కాల్చినా సున్నం వస్తుందా?

లెక్కల మనిషి:
గుల్లలు కాలిస్తే వస్తుంది, గుల్లసున్నం అనేది అదే. ఎముకలో ఎక్కువ పాలు కాల్షియం ఫాస్ఫేట్, కాలిస్తే తెల్లటి బూడిదే గానీ ఉడికే సున్నం రాదు. తిట్టు మాత్రం బాగానే పనిచేస్తుంది.

నిఘంటువుల పిచ్చోడు:
ఇంకొకటి చెప్పి వెళ్లిపోతా. గ్రూపులో అప్పుడప్పుడు ఆక్సిజన్‌ను ఆమ్లజని అనాలని పోట్లాట వస్తుంది. ఆ మాట నాకిష్టమే, కానీ అది అనువాదం. ఆమ్లాలన్నిటికీ పుట్టుక అదేనని ఫ్రెంచి శాస్త్రవేత్త లెవోయిజే 1777లో అనుకుని పేరు పెట్టాడు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అది లేనేలేదని 1810లో ఇంగ్లీషు శాస్త్రవేత్త డేవీ తేల్చాడు. పొరపాటుతో సహా మనం తెచ్చుకున్నాం. సున్నపుతేట అలా కాదు, గుంత పక్కన నిలబడి చూసినవాడు పెట్టిన పేరు. రెంటినీ ఒకే గాటన కట్టి ‘కఠినమైన తెలుగు’ అనడం నాకు నచ్చదు.

దోమలగూడ టీచరమ్మ:
అందరికీ ధన్యవాదాలు. నిన్న వెడల్పు మూతి సీసాలో కలిపి కిటికీ దగ్గర పెట్టాం, ఆ నిమ్మకాయల పాపే చీటీ రాసి అంటించింది: ‘సున్నపుతేట. కదపొద్దు.’ మూత పెట్టడం మరిచిపోయాం. ఇవాళ పొద్దున చూస్తే పైన గాజులాంటి తెల్లటి పొర. గాలిలో ఉన్న ఆ 0.04 పాళ్లే రాత్రంతా కూర్చుని అంత పని చేశాయి. పాప నాకంటే ముందే చూసి పరుగెత్తుకొచ్చింది: "మేడమ్, తేట మీద మీగడ కట్టింది!"